బిడ్డ తల మీద ఒట్టు

ఐటీ కంపెనీల మెడికల్ రూమ్ అంటే కొత్తగ డ్యూటీలకొచ్చిన నర్సు పిల్లలకు జర చిన్నచూపు ఉంటది. పెద్ద దవాఖానల ఐసీయూల చేసేదే నర్సింగ్, ఏసీల కూసొని జ్వరం గోళీలు ఇచ్చేది ఏం నర్సింగ్ అనుకుంటరు. నేను గూడ గట్లనే అనుకున్న. జీడిమెట్లల ఒక మందుల ఫ్యాక్టరీ డిస్పెన్సరీల ఏండ్లకేండ్లు చేసి, మాదాపూర్ల అద్దాల బిల్డింగుకు మారినప్పుడు మా ఆయన "ఇగ నీది ఉద్యోగం కాదు, పెన్షనే" అని నవ్విండు. ఫ్యాక్టరీల అయితే యాసిడ్ పడ్డోళ్లు, మిషన్ల వేలు పోయినోళ్లు వస్తరు. రక్తం కనిపిస్తది, ఏం చెయ్యాల్నో మన చేతులకే తెలుస్తది. ఇక్కడ మెడల ఐడీ కార్డు ఏసుకొని, నవ్వుకుంట వచ్చి, "సిస్టర్, జర గ్యాస్ గోళీ ఉందా" అని అడుగుతరు. ఆ అడుగుడు ఎనక ఏముందో మనమే కనుక్కోవాలె.

ఇన్నేండ్లల ఎన్ని కేసులు చూసిన్నో. గాని మీకు ఒక్కటే చెప్త. ఆ పిల్లను అడిగే చెప్తున్న. "పేరొక్కటి వద్దు సిస్టర్, మిగతాది అంత చెప్పుకో, ఎవలికన్న పనికొస్తది" అన్నది.

ఆ పిల్లది సిద్దిపేట దిక్కు ఊరు. మా కంపెనీల టెస్టింగ్ చేసేది. అంటే వేరేటోళ్లు రాసిన ప్రోగ్రాముల తప్పులు పట్టుడు. బోరబండల అత్తతోని, చిన్న బిడ్డతోని ఉంటుండె. నాదీ బోరబండనే కాబట్టి పొద్దుగాల ఇద్దరం ఒకటే రైలు. బిడ్డను సంకనేసుకొని, లాప్‌టాప్ బ్యాగు ఈపున తగిలించుకొని ఎక్కేది. పక్క స్టేషన్‌లనే దిగుడు గద, సీటు దొరికినా కూసునేది కాదు. బిడ్డను మా బిల్డింగుల కింద ఉన్న క్రెష్‌ల ఇడిసి, పైకి పోయి పని చేసుకునేది.

దాని మొగుడు ఇంకో కంపెనీల చేసేటోడు. వానల బండి జారి పోయిండు. బిడ్డకు అప్పటికి ఇంకా నడక గూడ రాలే.

మా దిక్కు సావు ఇల్లు ఎట్లుంటదో తెల్వనోళ్లకు చెప్త. మూడో దినం పిట్టకు పెడతరు. పోయినోడికి ఏది ఇష్టమో అది, మాంసం, కల్లు, సీసా, అన్నీ పెట్టి కాకి ముట్టేదాంక నిలబడతరు. ఇంటి ఆడోళ్లు ఏడ్చి ఏడ్చి నిద్ర లేకుంట ఉంటరు గద. "రెండు గుక్కలు తాగు బిడ్డా, కండ్లు మూతవడతయి" అని వాళ్లకూ ఇంత పోస్తరు. అండ్ల చెడు ఏం లేదు. మా తాత పోయినప్పుడు మా అమ్మమ్మకు గూడ పోసిన్రు. తాగింది, పండుకున్నది, దినాలు కాంగనే నాట్లకు పోయింది, మల్ల ఆ మాటే లేదు. ఈ పిల్లకు గూడ అత్తనే పోసింది. తాగింది, పండుకున్నది. దినాలైనంక చుట్టాలందరు ఎవలి ఊరికి వాళ్లు పోయిన్రు. మిగిలిన సీసా సెల్ఫు మీద ఉండిపోయింది.

తర్వాత నెల నెలా మాసికం. ఫొటో ముందట ఒక గ్లాసు పెడతరు. పొద్దందాక ఆ గ్లాసు అట్లనే ఉంటది. దాన్ని మోరీల పారబోస్తే మనిషినే పారబోసినట్టు అనిపించి, అత్త పండుకున్నంక తనే తాగేదంట. కొన్ని నెలలకు, మాసికం దాంక ఆగుడు కష్టమైంది. ఇదంత తర్వాత ఆ పిల్లే నాకు చెప్పింది.

ఈ మధ్యల ఇంకో ముచ్చట అయింది. వాళ్ల మేనేజరు భీమవరం దిక్కాయన, మాటకు ముందు అండి, మాటకు ఎనక అండి. మంచాయన. "పాపం చంటిబిడ్డ తల్లండీ, ఇంటి దగ్గరనుంచే చేసుకోనిద్దామండీ" అని ఆ పిల్లకు ఇంటినుంచి పని ఇప్పిచ్చిండు. ఆయన దయతోనే చేసిండు, నేను కాదన. గాని ఇంటినుంచి పని అంటే ఏంది? పొద్దంత తలుపేసుకొని, కెమెరా బంద్ చేసుకొని, పక్కల స్టీలు గ్లాసు. మీటింగుల మాట తడబడ్డదనుకో, నెట్ బాగలేదు అంటే అయిపాయె. ఐటీల ఆ సాకును ఎవ్వరూ కాదనరు. అందరికీ అవసరమైన సాకు అది.

ఇంటినుంచి చేసేటోళ్లందరినీ మల్ల ఆఫీసుకు రమ్మన్నంక ఆ పిల్ల నా రూముకు రావట్టింది. దినాం గ్యాస్ గోళీ. నోట్ల ఇలాచీ. బీపీ చూద్దామని చెయ్యి పట్టుకుంటే వేళ్లు సన్నగ వణుకుతున్నయి. ఫ్యాక్టరీల ఆ వణుకు నేను మస్తు చూసిన, పొద్దుగాల షిఫ్టుకొచ్చే మొగోళ్ల చేతులల్ల. ఆడపిల్ల చేతిల, అదీ గంత నెమ్మదైన పిల్ల చేతిల చూసుడు అదే మొదలు. నాకు చుట్టు తిప్పి మాట్లాడుడు రాదు. తలుపు దగ్గరేసి మొఖం మీదనే అడిగిన, ఎంత తాగుతున్నవు అని.

మొదలు గ్యాసే అన్నది. తర్వాత నిద్ర లేదన్నది. తర్వాత ఏడ్సింది. ఇంట్ల తెలిస్తే బిడ్డను తీసుకపోతరు సిస్టర్, జీడిమెట్లల మా ఆడిబిడ్డ, మా ఆయన తోడబుట్టింది, ఉన్నది, పిల్లలు లేరు, ఎప్పటినుంచో పెంచుకుంట అంటున్నది, నా కాడ బిడ్డ తప్ప ఇగ ఏం లేదు అన్నది. బిడ్డను ఎవ్వరు తీసుకపోరు గాని ముందు నువ్వు డాక్టర్‌కు చూపించుకోవాలె అన్న. ఇంకో మాట గట్టిగ చెప్పిన. నీ అంతల నువ్వు ఒక్కసారి బంద్ చెయ్యొద్దు, శరీరం అలవాటు పడ్డది, ఫిట్స్ గూడ రావచ్చు, డాక్టర్ చేతుల మీదనే మానాలె అని. మా కంపెనీకి వారంల కొన్ని దినాలు డాక్టర్ వస్తడు. ఆయన వచ్చే దినం చూపిస్త అంటే తలూపింది.

డాక్టర్ దినం రాకముందే ఇంట్ల అత్తకు సీసా దొరికింది. బట్టలుతికే మిషన్ల, దుప్పట్ల కింద.

ఆ అత్త గురించి చెప్పాలె. బోరబండ మార్కెట్ల కూరగాయలు అమ్మి, కొడుకును ఒక్కతే ఇంజినీరు చదివించిన మనిషి. నోరు పెద్దది, మనసు మంచిది. కోడలును కొట్టలే, తిట్టలే, వాడకట్టుల ఎవ్వరికీ చెప్పలే. తల స్నానం చేసి రమ్మన్నది. కొడుకు ఫొటో ముందట దీపం పెట్టి, మనుమరాలిని ఒళ్ల కూసోపెట్టుకొని, "పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. మల్ల ముట్టుకుంటే ఈ పిల్లకే తగులుతదని నోటితోని చెప్పు" అన్నది. కోడలు అట్లనే చెప్పింది. అత్త ఇల్లంత ఎతికి, దొరికిన సీసాలన్నీ మోరీల ఒంపింది. మన దగ్గర ఒట్టంటే ఏందో మీకు తెలుసు. భూమి పంచాయితీకైనా, మొగోడు మందు మానుడుకైనా, కోర్టుకన్న, దవాఖానకన్న ముందు ఒట్టే. అండ్ల బిడ్డ మీద ఒట్టంటే ఇగ దాని మీద మాటే లేదు. అత్త ఆ దినం సుఖంగ నిద్రపోయి ఉంటది.

తెల్లారి రైల్ల నాకు నవ్వుకుంట చెప్పింది పిల్ల. "ఇగ డాక్టర్ వద్దు సిస్టర్. బిడ్డ మీద ఒట్టేసిన" అని.

ఒట్టేసింది నోరు, ఒంటికి ఆ సంగతి ఏం తెలుసు? ఒళ్లు దాని టైముకు అది అడుగుతది. ఇయ్యాలనే దవాఖానకు పోదాం పా అంటే ఇనలే. నమ్మకం మీదున్న మనిషికి ఏం చెప్తవు. మధ్యాహ్నానికే చెమటలు, వణుకుడు. తెల్లారి ఒంటి మీద పురుగులు పాకినట్టు ఉన్నదంట, కీబోర్డు మీద వేళ్లు నిలుస్తలేవంట. ఆ దినం లంచ్ టైమ్ల బయటికి పోయి తాగొచ్చింది. తాగంగనే వణుకు ఆగింది. వణుకు ఆగినంక ఒట్టు యాదికొచ్చింది.

ఇగ అప్పటిసంది నన్ను తప్పించుకొని తిరిగింది. రైలు మార్చుకున్నది. ఒట్టు తప్పిన అన్న భయం, ఆ భయం పోవుటానికి మల్ల తాగుడు. ఇదివరకు మొగుని కోసం ఏడ్సుకుంట తాగేది, ఇప్పుడు బిడ్డకు ఏమైతదో అని తాగేది. అత్తకు ఏం తెల్వదు. ఒట్టున్నది గద అని ఆమె నిశ్చింత.

వానలు వడ్డయి. మాదాపూర్ అంత జ్వరాలు. మా రూముల మంచాలు ఖాళీ లేవు, మేనేజర్లు గూడ గోడకు ఒరిగి కూసుంటున్నరు. అసొంటి ఒక దినం మధ్యాహ్నం క్రెష్ ఆయా ఉరికొచ్చింది. ఆ పిల్ల బిడ్డకు ఫిట్స్ వస్తున్నయి అన్నది. ఉరికిన. కండ్లు పైకి పోయినయి, కాళ్లు చేతులు కొట్టుకుంటున్నయి, ఒళ్లు కాలిపోతున్నది. పక్కకు తిప్పి పండవెట్టిన, నోట్ల ఏం పెట్టొద్దని ఆయాకు చెప్పిన, బట్టలు వదులు చేసిన. జరసేపటికి ఆగింది. బిడ్డ పెద్దగ ఏడ్సింది. ఏడ్సిందంటే మనకు సగం పాణం వచ్చినట్టే. ఎత్తుకొని మా రూముకు తెచ్చి, ఒకాయనను లేపి ఆ మంచం మీద పండవెట్టిన. అదృష్టం కొద్ది ఆ దినం డాక్టర్ ఉన్నడు. జ్వరం ఒక్కసారి ఎక్కితే ఈ వయసు పిల్లలకు గిట్ల అయితది, భయం లేదు, గాని ఒకసారి పిల్లల దవాఖానల చూపియ్యాలె, తల్లిని పిలువున్రి అన్నడు. అంబులెన్సు కింద తయారుగ ఉన్నది.

తల్లి వచ్చింది. వచ్చి గడప కాడనే ఆగింది. బిడ్డ మంచం మీద కూసొని "అమ్మా" అని రెండు చేతులు చాపింది. తల్లి దగ్గరకు రాలే. గోడకు ఈపు ఆనిచ్చి, కిందికి జారి కూసున్నది.

"నేను ముట్ట సిస్టర్. ఒట్టేసి తాగిన. నా వల్లనే గిట్లయింది. నేను దూరముంటెనే అది బతుకుతది" అన్నది. పైనుంచి వచ్చేటప్పుడే మా ఆడిబిడ్డకు ఫోన్ చేసి చెప్పిన, పొద్దుగూకే యాళ్లకు వచ్చి తోల్కపోతది, ఇగ బిడ్డ ఆమెదే అన్నది. ఏడుస్త గూడ లేదు. నాకు అదే ఎక్కువ భయమైంది. బిడ్డ పోతే ఈ మనిషి ఎన్ని దినాలు ఉంటది? తాగి తాగి సస్తది. ఆ సంగతి నాకు తెలుసు, దానికీ తెలుసు.

కోపం గూడ వచ్చింది నాకు. ఈ బిల్డింగుల సగం మందికి ఇదే జ్వరం, వాళ్లందరు నీ ఒట్టుతోనే పడ్డరా అని గదమాయించిన. డాక్టర్ గూడ కూసొని నెమ్మదిగ చెప్పిండు. పిల్ల తలూపింది, అన్నీ అర్థమైనయి దానికి. గాని చెయ్యి మాత్రం ముందుకు రాలే. అటు బిడ్డ అమ్మా అమ్మా అని ఎక్కిళ్లు వెడుతున్నది.

బిడ్డను పట్టుకపోయే మనిషి కావాలె గద అని ఆయా అప్పటికే అత్తకు ఫోన్ చేసింది. అత్త ఆటోల వచ్చింది, సగం తడిసి. వచ్చుడు వచ్చుడే మనుమరాలి నుదురు ముట్టుకొని చూసింది, గుండెకు అదుముకున్నది. తర్వాత కింద కూసున్న కోడలును చూసింది. నేను దాచలే. పక్కకు పిలిచి, తాగింది అని చెప్పిన. ఇది రోగం, ఒట్టుకు పోదు, దవాఖాన మందుకు పోతది అని చెప్పిన. బిడ్డను ముట్టుకుంటే సస్తదని భయపడి ఆడిబిడ్డకు ఇచ్చేస్తున్నది అని గూడ చెప్పిన. "ఒట్టు ఏయించింది నువ్వు. మా మాట ఇంటలేదు. తీసేస్తే నువ్వే తియ్యాలె" అన్న.

ఆమె మొఖం ఎర్రగైంది. కొడుకు పాయె, కోడలు గిట్లాయె, ఆ ఒట్టొక్కటే నా చేతుల ఉండె, అది గూడ తీసేస్తే ఇగ దీన్ని దేంతోని ఆపాలె సిస్టరమ్మా అని నన్నే అడిగింది. నిజం చెప్పాల్నంటే ఆమె అడిగింది తప్పేం కాదు. జరసేపు కొంగుతోని తల తుడుసుకుంట నిలబడ్డది. తర్వాత బిడ్డను ఆయా చేతికిచ్చి, పోయి కోడలు పక్కన బండల మీద కూసున్నది. దాని చెయ్యి గుంజి తన నెత్తి మీద పెట్టుకున్నది.

"నీ మొగుడు శుక్రారం శుక్రారం తాగొచ్చేటోడు గద. తెల్లారి నా తల మీద గిట్లనే చెయ్యి పెట్టి, అమ్మా ఇగ ముట్ట అని ఒట్టేసేటోడు. మల్ల శుక్రారం తాగేటోడు. ఎన్ని ఒట్లు తప్పిండు వాడు? నేను సచ్చిన్నా? సూడు నన్ను. బండ లెక్క కూసున్న."

పిల్ల తలెత్తి చూసింది.

"ఒట్లకు పాణాలు పోయేటట్టుంటే నేను ఎన్నడో పోదును, వాడు ఉంటుండె. నేనున్న, వాడు పాయె. ఒట్టు చేతుల ఏం లేదు బిడ్డా. నేను ఏయించిన ఒట్టు నేనే తీసేస్తున్న. లే, పిల్లనెత్తుకో."

పిల్ల అప్పుడు ఏడ్సింది, అత్త ఒళ్ల మొఖం పెట్టి, మొగుడు పోయిన దినం ఏడ్సినట్టు. అత్త గూడ ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన, చెప్పుకుంటే సిగ్గేం లేదు. డాక్టర్ కిటికీ దిక్కు తిరిగి వాన చూస్తున్నడు.

అత్త ఉత్తగ మాటతోని తీసే మనిషి కాదు మల్ల. ఉప్పు కావాలె అన్నది. గొంతు పుక్కిలించుటానికి పెట్టిన డబ్బా నా కాడ ఉన్నది, ఇచ్చిన. తల్లిని బిడ్డను దగ్గర దగ్గర నిలబెట్టి, పిడికెడు ఉప్పు చుట్టు తిప్పి, నా సింకుల ఏసి నల్లా ఇడిసింది. డాక్టర్ ఏమన్నా అంటడేమో అని చూసిన. "ఉప్పుకు నాకేం అభ్యంతరం లేదు, రేపు ఆమెను నా దగ్గరకు తీసుకరండి" అన్నడు. పిల్ల మొఖం కడుక్కున్నది, చేతులు మోచేతుల దాంక కడుక్కున్నది, వచ్చి బిడ్డను ఎత్తుకున్నది. బిడ్డ చున్నీ పిడికిట పట్టుకొని మెడల తల పెట్టింది. అంబులెన్సుల ముగ్గురు పోయిన్రు. దవాఖాన గేటు కాడినుంచి అత్తనే ఆడిబిడ్డకు ఫోన్ చేసి, రావొద్దని చెప్పిందంట.

బిడ్డకు నయమైంది. తల్లిని మందు మానిపించే దవాఖానల చేర్చినం. అత్త వాడకట్టుల కామెర్లు అని చెప్పి, దినాం క్యారేజీ మోసింది. పత్తెం కూరలని ఇరుగుపొరుగోళ్లు ఇచ్చిన చప్పిడి కూరలు గూడ తెచ్చేది, పారెయ్యబుద్ధి కాక ఆ పిల్ల అవి తినేది.

తిరిగి పనిలకొచ్చినంక మేనేజరు సారు మల్ల దయ చూపిచ్చిండు. ఆరోగ్యం బాగా లేదు కదండీ, ఇంటినుంచే చేసుకోనిద్దామండీ అన్నడు. నేను పైకి పోయి, సార్, మీ దయకు దండం, గాని ఈ పిల్లకు కావాల్సింది ఖాళీ ఇల్లు కాదు, దినాం ఆఫీసుకు రప్పియ్యండి, కెమెరా బంద్ చేసుకునే తావు లేకుంట మీ కండ్ల ముందట కూసోపెట్టుండ్రి అన్న. ఆయన "ఇది నాకు తట్టలేదండీ సిస్టర్ గారూ" అని ఒప్పుకున్నడు. అందుకే అంటున్న, మంచాయన అని. మల్ల మా ఇద్దరిదీ ఒకటే రైలైంది. పొద్దుగాల ముందు నా రూముకొచ్చి, డాక్టర్ రాసిన గోళీ నా ముందట మింగి, తర్వాత పైకి పోయేది.

ఒక్కసారిల అయిపాయె అనుకునేరు, కాలే. పెత్రమాసకు ఇంట్ల పెద్దలకు పెట్టినప్పుడు ఫొటో ముందట మల్ల గ్లాసు పెట్టిన్రు, పిల్ల మల్ల తాగింది. అయితే తెల్లారి తనే వచ్చింది. "నిన్న తాగిన సిస్టర్" అని నిలబడి చెప్పింది. నేను తిట్టలే. సీదా డాక్టర్ కాడికి తోల్కపోయిన. నన్నడిగితే ఆ పిల్ల బాగుపడ్డది దవాఖానల కాదు, ఆ దినం. ఒట్టు మెడ మీద ఉండుంటే చెప్తుండెనా? దాచుకునేది. మల్ల వచ్చిన ఏడు పెత్రమాసకు అత్త గ్లాసు మాటనే తియ్యలే. వాడు ఛాయ్ గూడ మస్తు తాగేటోడు అని కొడుకుకు ఇరానీ ఛాయ్, బిస్కెట్లు పెట్టింది. గిదేం పెట్టుడు, కాకి ముడుతదా అని చుట్టాలు గొణిగిన్రు. కాకి బిస్కెట్‌తోనే మొదలువెట్టిందంట.

చెల్లెండ్లారా, నేను ఇప్పుడు రిటైరై ఇంట్ల ఉంటున్న. గ్యాస్ గోళీ అడిగేటోళ్లు మీకు శాన మంది వస్తరు. గోళీ ఇయ్యండి, ఇచ్చేటప్పుడు చేతులు చూడండి. ఎవలన్న మందు మానుత అని మీకు మాట ఇస్తే మాత్రం తీసుకోకండి. మల్ల తాగితే ముందు నాకే చెప్పు అనండి, అంతే.

మొన్న ఆదివారం వాళ్లు ముగ్గురు మా ఇంటికొచ్చిన్రు. పిల్ల ఇప్పుడు టీమ్ లీడు. బిడ్డ బడికి పోతున్నది, ముందటి పండ్లు ఊడినయి. నేను కోవా బిళ్లలు పెట్టి లోపలికి పోయి ఛాయ్ తెచ్చేటాళ్లకు ప్లేటు ఖాళీ. ఎన్ని తిన్నవే అని నాయనమ్మ అడిగితే, మూతి నిండ కోవా పెట్టుకొని, ఉరికి పోయి తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"ఒక్కటే తిన్న. అమ్మతోడు."

అత్త నా దిక్కు చూసింది. ఆ పిల్ల మాత్రం కదలలే. నెత్తి మీద చెయ్యి అట్లనే ఉండనిచ్చి, చున్నీ కొంగుతోని బిడ్డ మూతి తుడిసింది.

"అమ్మకేం కాదు గని, నిజం చెప్పు. ఎన్ని?"

బిడ్డ నెత్తి మీది చెయ్యి తీసి, నాలుగు వేళ్లు చూపించింది.